చిన్న గదిలో పెద్ద తెర

ఇంటికి క్రొత్తగా వచ్చిన వస్తువు ఏదైనను తన చోటు తాను చూచుకొనును. గడియారము గోడ కెక్కినది. రేడియో బల్లమీద కూర్చున్నది. కుట్టుమిషను కిటికీ ప్రక్కకు చేరినది. వాటి రాకవలన తక్కిన సామాను కదలలేదు. పెద్ద పలక టెలివిజను సంగతి అట్లు కాదు. అది వచ్చిననాడు మంచము తిరుగును, కుర్చీలు తిరుగును, పుస్తకాల బీరువా లోపలి గదికి పోవును, కిటికీకి పరదా పడును. నాలుగడుగుల వెడల్పు గల ఆ నల్లని పలక ఏ గోడ నాక్రమించునో, ఆ గోడయే ఇంటిల్లిపాదికి తూర్పగును. కావుననే దానిని కొనబోవువాడు ధరను గూర్చియు, కంపెనీ పేరును గూర్చియు విచారించుటకు ముందు తన గదిని గూర్చి విచారింపవలెను. ఒక టేపు, ఒక కాగితము, ఒక పెన్సిలు ఇందుకు చాలును.

అంగడిలో మొదట ఎదురగు ప్రశ్న "ఎన్ని అంగుళాలు కావాలండీ?" అనునది. ఈ అంగుళములు తెర వెడల్పును తెలుపునవి కావు, ఎత్తును తెలుపునవియు కావు. ఒక మూలనుండి ఎదుటి మూలకు గల కర్ణపు పొడవును తెలుపును. గణితోపాధ్యాయులకు ఇందు చక్కని పాఠ మున్నది. వెనుకటి గాజుగొట్టపు టెలివిజను తెర వెడల్పునకును ఎత్తునకును గల నిష్పత్తి 4:3. బోధాయన శుల్బసూత్రములలో చెప్పబడి, పైథాగరసు పేర లోకమున వ్యాపించిన సూత్రమును బట్టి చూచినచో దాని కర్ణము 5 అగును. అనగా 20 అంగుళముల పాత పెట్టె తెర వెడల్పు 16, ఎత్తు 12 అంగుళములు. తరగతిలో నల్లబల్లపై గీచు 3-4-5 త్రిభుజము ప్రతి ఇంటనుండెను గాని దానిని గుర్తించినవారు తక్కువ. నేటి తెర నిష్పత్తి 16:9. ఇందు కర్ణము పూర్ణసంఖ్య కాదు. 337 యొక్క వర్గమూలము, అనగా ఇంచుమించు 18.36. ఈ లెక్కన 43 అంగుళముల తెర వెడల్పు 37.5 అంగుళములు, ఎత్తు 21. 55 అంగుళముల తెరకు 48, 27. 65 అంగుళముల తెరకు 56.7, 32.

ఈ లెక్క తెలియకపోవుటవలన ఒక చిత్రము జరిగినది. పాత 29 అంగుళముల పెట్టెను తీసివేసి 32 అంగుళముల పలకను తెచ్చుకొన్నవారు పలువురు, మనుష్యుల ముఖములు చిన్నవైనవని ఆశ్చర్యపడిరి. అందు భ్రాంతి యేమియు లేదు. పాత తెర ఎత్తు కర్ణములో అయిదింట మూడు వంతులు, అనగా 17 అంగుళములకు పైమాటే. క్రొత్తదాని ఎత్తు 15.7 మాత్రమే. పేరులో మూడంగుళములు పెరిగి ఎత్తులో అంగుళమున్నర తగ్గినది. పెద్ద తెరల విషయమున మరియొక సంగతి జ్ఞాపక ముంచుకొనవలెను. కర్ణము పెరిగిన పాటికంటె వైశాల్యము చాల వేగముగా పెరుగును. 55 అంగుళముల తెర 43 అంగుళముల దానికంటె "కొంచెము పెద్దది"గా తోచును గాని, వైశాల్యమున అది ఒకటికి 1.64 రెట్లు. 32తో పోల్చినచో దాదాపు మూడు రెట్లు. అంగడిలోని విశాలమైన హాలులో ఈ తేడా కంటికానదు. ఇంటికి తెచ్చి గోడకు తగిలించిననాడు తెలియును.

ఈ 16:9 అను నిష్పత్తి ఎక్కడనుండి వచ్చినదని విద్యార్థులు అడుగవలసినదే. 1980 తరువాతి దశకములో అమెరికాలో చలనచిత్ర, టెలివిజను ఇంజనీర్ల సంఘమువారు రాబోవు టెలివిజనుకు తగిన తెర ఆకారమును నిర్ణయింప బూనినప్పుడు, కెర్న్స్ పవర్స్ అను ఇంజనీరు వాడుకలోనున్న చిత్రముల ఆకారములన్నిటిని సమాన వైశాల్యము గల దీర్ఘచతురస్రములుగా తీసికొని ఒకదానిపై నొకటి పేర్చి చూచెను. అన్నిటిని తనలో ఇముడ్చుకొను వెలుపలి చతురస్రమును, అన్నిటికిని ఉమ్మడియైన లోపలి చతురస్రమును ఒకే నిష్పత్తిలో నుండెను. అదియే 16:9. సంఖ్యలను పరిశీలించిన దీని రహస్యము తెలియగలదు. 4/3 ను వర్గము చేసిన 16/9 వచ్చును. ఘనము చేసిన 64/27, అనగా 2.37 వచ్చును. సినిమాస్కోపు నిష్పత్తి 2.35. పాత టెలివిజను, నేటి టెలివిజను, సినిమాస్కోపు మూడును ఇంచుమించు గుణశ్రేఢిలో నున్నవన్నమాట.

దీని ఫలితమును మన ఇంటి గోడమీదనే చూడవచ్చును. 1957లో విడుదలయిన 'మాయాబజార్' చిత్రమును ఈ తెరపై సరియైన కొలతలో చూచినచో ఇరుప్రక్కల కలిపి ఇంచుమించు నాల్గవ వంతు నల్లగా మిగులును. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' సినిమాస్కోపు చిత్రము. దానికి పైనను క్రిందను కలిపి మరల నాల్గవ వంతే నల్లనగును. ఎవరికిని పూర్తి తెర దక్కలేదు, ఎవరికిని అన్యాయము జరుగలేదు. రెండు ఊళ్లకు నడుమ బడి కట్టినట్లున్నది ఈ ఏర్పాటు. కాని మన ఇండ్లలో ఆ నల్లని భాగమును సహింపలేనివారు మెండు. "డబ్బిచ్చి కొన్న తెర ఖాళీగా ఉండడమేమిటి?" అని మీట నొక్కి చిత్రమును ప్రక్కలకు సాగదీయుదురు. అప్పుడు ప్రతి ముఖమును మూడవ వంతు వెడల్పగును. యస్. వి. రంగారావుగారి ఘటోత్కచుడు మరికొంత లావైనచో పాత్రోచితముగనే తోచునేమో. సావిత్రిగారి శశిరేఖకు ఆ శిక్ష ఏల? చిత్రములోని వృత్తము కోడిగ్రుడ్డువలె కనబడినచో ఆ మీట తప్పుగా నున్నదని గ్రహించి వెంటనే మార్చుకొనవలెను.

ఇక దూరము. తెర వెడల్పు మన కంటివద్ద 30 డిగ్రీల కోణము చేయునట్లు కూర్చుండుట మంచిదని ఇంజనీర్లు చెప్పుదురు. త్రికోణమితి వచ్చిన విద్యార్థి దీనిని నిముషములో లెక్కకట్టగలడు: దూరము వెడల్పునకు 1.87 రెట్లు. 43 అంగుళముల తెరకు ఇంచుమించు 6 అడుగులు, 55కు ఏడున్నర, 65కు తొమ్మిదికి కొంచెము తక్కువ. ఈ దూరమును గోడనుండి గోడకు కొలువరాదు. కూర్చున్న మనిషి కంటినుండి తెరకు కొలువవలెను. పది అడుగుల గదిలో మంచమునకు ఒక అడుగు, తెర గోడనుండి ముందుకు వచ్చుటకు కొంత పోగా మిగులునది ఎనిమిదిన్నర అడుగులే. అట్టి గదికి 55 అంగుళముల తెర నిండుగా సరిపోవును. తగ్గింపు ధరకు ఆశపడి 75 తెచ్చినచో ఇంటిలో నాటకశాల మొదటి వరుస తయారగును. మెడ త్రిప్పుచు చూడవలసివచ్చును.

చుక్కల సంఖ్యను గూర్చి అమ్మకపువారు పెద్దగా చెప్పుదురు. నేటి పెద్ద తెరలలో మిక్కిలి తరచుగా కనబడునది '4కె' అనబడునది. అడ్డముగా 3840, నిలువుగా 2160, మొత్తము 82,94,400 చుక్కలు. దీనికి ముందుతరమునకు చెందిన 'ఫుల్ హెచ్.డి.' యందు ఇందులో నాల్గవ వంతు. చుక్కలు పెరిగిన కొలది చిత్రము స్పష్టమగుననుట నిజమే, కాని ఆ స్పష్టతను చూడవలసినది మన కన్ను. ఆరోగ్యవంతమైన కన్ను ఒక డిగ్రీలో అరువదవ వంతు కోణము కంటె చిన్న వివరమును వేరుపరుపలేదు. 55 అంగుళముల ఫుల్ హెచ్.డి. తెరపై ఒక్కొక్క చుక్క వెడల్పు 0.63 మిల్లీమీటరు. ఏడడుగులు దాటి కూర్చున్నవానికి ఆ చుక్కలే విడివిడిగా కనబడవు. వాటిని నాలుగేసి ముక్కలు చేసిన ప్రయోజనము అతనికి బహు స్వల్పము. ఇక '8కె' కొరకు అదనముగా సొమ్మిచ్చుట, వినబడని స్వరమునకు వీణపై మరియొక తంత్రి కట్టించుటవంటిది.

దీనికి మారుగా ఎవ్వరును చెప్పని ఇబ్బంది యొకటి కలదు. సాధారణ శ్రేణి ఛానెళ్లలో వచ్చు చిత్రమునకు 720 అడ్డచుక్కలు, 576 నిలువు చుక్కలు, మొత్తము 4,14,720. 4కె తెరపై నున్నవి సరిగా దీనికి 20 రెట్లు. అనగా తెరపైని ప్రతి 20 చుక్కలలో 19 టెలివిజను తాను ఊహించి నింపినవే. ఈ ఊహ ఒక్కొక్క యంత్రమునం దొక్కొక్క తీరుగ నుండును. అంగడిలో ప్రదర్శించు పూలు, చిలుకలు, జలపాతములు అత్యున్నత శ్రేణి చిత్రములు. వాటిని చూపించుటలో ఏ తెరయైనను ఉత్తీర్ణమగును. మనము ఇంట ప్రతిదినము చూచు ఛానెలును పెట్టించి చూచుటయే నిజమైన పరీక్ష. అమ్మకపువాడు కొంచెము విసుగుకొన్నను ఫరవాలేదు.

తెర లోపలి శాస్త్రమును గూర్చి కొంత చెప్పవలెను. 1888లో ప్రేగ్ నగరమున ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కేరట్ దుంపలనుండి తీసిన కొలెస్టరాలుతో ప్రయోగములు చేయుచు ఒక వింతను గమనించెను. దానినుండి తయారైన ఒక పదార్థము 145.5 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగి మజ్జిగవలె మబ్బుగా నుండెను, 178.5 డిగ్రీల వద్ద హఠాత్తుగా తేటపడెను. ఒకే వస్తువునకు రెండు ద్రవీభవన స్థానములా యని అతడు ఆశ్చర్యపడి, జర్మనీలోని ఓటో లేమన్‌కు వ్రాసెను. ద్రవమువలె ప్రవహించుచు, స్ఫటికమువలె అణువులు ఒక దిక్కునకు తిరిగియుండు ఈ స్థితికే ద్రవస్ఫటికమని పేరు వచ్చినది. ఎనుబదియేండ్ల తరువాత, 1968లో, అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థలో జార్జి హైల్‌మయర్ బృందమువారు దీనితో తెరను చేయవచ్చునని లోకమునకు చూపిరి. మనదేశపు పాలు కూడ ఇందు కలదు. బెంగుళూరులోని రామన్ పరిశోధనాలయమున సర్ సి. వి. రామన్ మేనల్లుడగు శివరామకృష్ణ చంద్రశేఖర్ తన సహచరులతో కలిసి 1977లో బిళ్లలవంటి అణువులు గల క్రొత్తజాతి ద్రవస్ఫటికములను కనుగొనెను. ఆ జాతి పదార్థములతో చేసిన పలుచని పొరలనే తరువాత జపానువారు, ప్రక్కనుండి చూచువారికిని తెర స్పష్టముగా కనబడునట్లు చేయుటకు వాడిరి.

ఈ తెరలో ద్రవస్ఫటికము స్వయముగా వెలుగదు. వెనుక దీపములుండును, ముందొక ధ్రువణకారి, వెనుకనొక ధ్రువణకారి, నడుమ స్ఫటికము. విద్యుత్తు నిచ్చి స్ఫటికపు అణువులను త్రిప్పినకొలది కాంతికి త్రోవ తెరచుకొనును, లేదా మూసికొనును. ధ్రువణ కాంతిని బోధించు ఉపాధ్యాయునికి ఇంతకంటె సులభమైన ప్రయోగము లేదు: ధ్రువణ అద్దముల చలువ కళ్లజోడు నొకదానిని తెరకెదురుగా పట్టుకొని నెమ్మదిగా త్రిప్పినచో, ఒకానొక కోణమున తెర మొత్తము చీకటియగును. అంగళ్లలో 'ఎల్.ఇ.డి. టి.వి.' యని అమ్మబడునవి యన్నియు ఇవియే. ఆ పేరు వెనుకనున్న దీపములకు చెందినది గాని తెరకు చెందినది కాదు. 'క్యూ.ఎల్.ఇ.డి.' యనునవి కూడ ఈ కుటుంబములోనివే. రంగులకు వన్నె తెచ్చు సూక్ష్మకణముల పొర యొకటి అదనము. 'ఓ.ఎల్.ఇ.డి.' మాత్రము వేరు జాతి. అందు ప్రతి చుక్కయు తనంత తాను వెలుగును, ఆరును. కావున నలుపు నిజముగా నల్లగా నుండును. రాత్రి దీపములార్పి సినిమా చూచువారికి దానిని మించినది లేదు.

అయితే మన ఇండ్లలో దానికొక చిక్కున్నది. ఒకేచోట కదలక గంటలకొద్దీ వెలుగు బొమ్మలు ఆ తెరపై క్రమముగా మచ్చపడగలవు. మన తెలుగు వార్తల ఛానెళ్లను చూడుడు: మూల నొక చిహ్నము, క్రింద రెండు మూడు వరుసల అక్షరములు, ప్రక్కన గడియారము, ఉదయమునుండి రాత్రివరకు తావు మారవు. తాతగారు ఉదయము ఆరు గంటలకు పెట్టిన వార్తలు మధ్యాహ్నమువరకు సాగు ఇంటిలో ఈ జాతి తెరను కొనకుండుటయే మేలని నా అభిప్రాయము. ఒకప్పుడు గొప్పగా పేరొందిన ప్లాస్మా తెరలకు కూడ ఈ దోషముండెను. 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆ జాతి, 2014 ప్రాంతమునకే పెద్ద కంపెనీల తయారీనుండి తప్పుకొన్నది.

ఇంటికి వచ్చిన తరువాత చేయవలసిన మొదటి పని కాంతిని తగ్గించుట. అంగడిలోని పట్టపగటివంటి వెలుగులో ప్రక్కనున్న ముప్పది తెరలను ఓడించుటకు ఏర్పాటు చేసిన రంగులు ఇంటి గదిలో కంటికి శ్రమ. 'సినిమా' యను అమరికను ఎంచుకొన్నచో మొదట రెండు దినములు పసుపుపచ్చగా తోచినను, పిమ్మట అదియే సహజమని కన్ను ఒప్పుకొనును. రెండవది, చలనమును నునుపు చేయు అమరిక. సినిమా సెకనుకు 24 చిత్రములతో తీయబడినది. యంత్రము నడుమ నడుమ లేని చిత్రములను కల్పించి చేర్చుటవలన గొప్ప చిత్రము కూడ ధారావాహికవలె చౌకగా కనబడును. క్రికెట్టుకు ఇది కొంత ఉపకరించును; సినిమాకు అపకారమే. 2018 డిసెంబరులో నటుడు టామ్ క్రూజ్ దీనిని తీసివేయుడని ప్రేక్షకులను ప్రత్యేకముగా కోరవలసివచ్చినది.

ధ్వని విషయమున పలుచదనమే శత్రువు. పాత పెట్టెలో లోతుండెను, స్పీకరు మనవైపు చూచుచుండెను. నేటి పలకలో స్పీకరునకు చోటు లేక అది నేలవైపో గోడవైపో తిరిగియుండును. వయసు మళ్లినవారికి సంగీతము వినబడి మాటలు వినబడకపోవుటకు ఇదియొక కారణము. నేనెరిగిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని ఇంట ఈ సమస్య పెద్దదయ్యెను. ఆయన సతీమణికి డెబ్బది దాటినది; ధ్వని పెంచనిదే వినబడదు. మనుమడు పదవ తరగతి, గోడకావల చదువుకొనవలెను. పరీక్షల నెలలో ఆ ఇంట మాటామాటా పెరిగి, తుదకు అబ్బాయి తన సొమ్ముతో చెవులకు తగిలించుకొను సాధనమును కొనితెచ్చెను. "ఇది పెట్టుకో నాయనమ్మా, నీకు చక్కగా వినిపిస్తుంది" అనెను. ఆమె ఒక్క సాయంకాలము పెట్టుకొని తీసివేసెను. "నా ఒక్కదానికే వినిపిస్తే ఏం లాభంరా? ఇప్పుడేమన్నాడే అని పక్కనున్న మీ అమ్మ నన్నడగాలి, నేను చెప్పాలి. అది లేకపోతే ఈ బొమ్మ నాకెందుకు?" అనెనట. చివరకు ఆ సాధనమును ప్రక్కన పెట్టి, తెర క్రింద ఒక ప్రత్యేకమైన స్పీకరు పలకను అమర్చిరి. మాటలు తేటగా వినబడుటచే మొత్తము ధ్వని సగమునకు దిగినది. పరీక్షలు ముగియువరకు ఏడునుండి ఎనిమిదిన్నరవరకు తెరను ఆర్పుటకు ఆమెయే ఒప్పుకొనెను. ఆ గంటన్నర తీరికను ఏమి చేయవలెనో తెలియక మనుమని గది గుమ్మములో కూర్చుండి, వానిచేత సాంఘికశాస్త్ర పాఠములు బిగ్గరగా చదివించుకొని వినుచుండెనని ప్రధానోపాధ్యాయులు నవ్వుచు చెప్పిరి.

ఆ ముసలమ్మగారి మాటలో చరిత్ర కూడ ఉన్నది. 1975 ఆగస్టు 1నుండి 1976 జులై 31వరకు అమెరికా ఉపగ్రహము ఎ.టి.ఎస్.-6 సాయమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు జరిగినవి. అందు మన రాష్ట్రపు పల్లెలు కూడ ఉండెను; వాటికి తెలుగులో కార్యక్రమములు వచ్చినవి. పది అడుగుల వలగిన్నెవంటి ఏంటెన్నా, ఊరికొక పెట్టె. ఆ పెట్టెలు మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థలో తయారైనవి. నేడు మనము చిన్నదని త్రోసివేయు తెర ఎదుట ఊరంతయు నేలమీద కూర్చుండి చూచినది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైన పిమ్మట వాడకొక పెట్టె, అటుపిమ్మట ఇంటికొకటి, తుదకు చేతికొక ఫోను వచ్చినవి. తెర చిన్నదైనకొలది దానిని చూచువారి సంఖ్య తగ్గి ఒకటికి దిగినది. ఈ దృష్టితో చూచినచో గోడమీది పెద్ద తెరను నిందించుటకు నాకు మనసొప్పదు. పిల్లవాడు ఏమి చూచుచున్నాడో వంటింటిలోనున్న తల్లికి కనబడును. కంటికి కూడ ఇదియే సుఖము: అడుగు దూరమున ఫోనును చూచుటకు కంటి కటకము మూడు డయాప్టర్లకు పైగా బిగువు చూపవలెను, ఎనిమిదడుగుల దూరపు తెరకు అర డయాప్టరైనను అక్కరలేదు. 2020 సెప్టెంబరులో తెలంగాణ పాఠములు యాదగిరి ఛానెలులోను, టి-శాట్‌లోను వచ్చినప్పుడు, ఇంట టెలివిజనున్న పిల్లవాడు ఫోనుతోనే సరిపెట్టుకొన్న పిల్లవానికంటె సుఖపడెను.

తగిలించు ఎత్తును గూర్చి మనవారు గుడి గోపురమును అనుకరింతురు. ద్వారబంధముపైని పటముల వరుసలో తెరను ఎక్కించి తలయెత్తి చూచుట మెడకు హాని. కూర్చున్నవాని కన్ను తెర నడిమికి రావలెను. కుర్చీలో కూర్చుండువారికి ఇది నేలనుండి మూడున్నర అడుగులు. చాపమీద కూర్చుండి భోజనము చేయుచు చూచు ఇంటిలో రెండున్నరయే. కిటికీకి ఎదురుగోడ పనికిరాదు; పగలంతయు కిటికీయే తెరలో కనబడును. బల్లమీద నిలుపువారు వెనుకనుండి పట్టీతో గోడకు బిగింపవలెను; పాకుచు నిలువబోవు పసివాడు అంచు పట్టుకొని లాగినచో తెర మీద పడగలదు. తుడుచుటకు పొడి మెత్తని గుడ్డ చాలును. పాత పెట్టె ముఖము మందపు గాజు, తడి కాగితముతో తుడిచినను చెల్లినది. దీని ముఖము పలుచని ప్లాస్టికు పొర. అది పగిలినచో బాగుచేయించు ఖర్చు ఇంచుమించు క్రొత్తదాని వెలకు సమానము. పిల్లలు ఇంటిలో బంతాడుట మానరు. కావున బంతిని మెత్తనిదిగా మార్చుట సులభోపాయము.

ఖర్చు విషయము రెండు మాటలలో చెప్పవచ్చును. 32 అంగుళములు మించిన తెరలపై 28 శాతముండిన జి.ఎస్.టి. పన్ను 2025 సెప్టెంబరు 22నుండి 18 శాతమైనది. 120 వాట్ల తెర దినమునకు అయిదు గంటలు వెలిగినచో నెలకు 18 యూనిట్లు. కాంతిని తగ్గించిన ఇదియు తగ్గును. ఇంటర్నెట్టుతో కూడిన టెలివిజను మనము చూచుచుండగా తాను మనలను గమనించుటయు కలదు. 2017లో అమెరికాలో ఒక కంపెనీ, ప్రేక్షకుల అనుమతి లేకుండ వారు చూచిన కార్యక్రమముల వివరములను సేకరించినందుకు 22 లక్షల డాలర్లు చెల్లించుకొన్నది. మొదటిదినమున తెరపై వచ్చు ఒప్పందములన్నిటికిని "సరే" యని నొక్కక, చదివి, అక్కరలేనివానిని త్రోసిపుచ్చవలెను. లోపలి సాఫ్ట్‌వేరు నాలుగైదేండ్లకే ముసలిదైనను తెర పదేండ్లు పనిచేయగలదు. అట్టి సమయమున తెరను మార్చక, వెనుక గుచ్చు చిన్న పరికరముతో పని జరుపుకొనవచ్చును.

క్రొత్తది వచ్చిన దినమున పాతది వీధిలోకి పోవును. ఆ గాజుగొట్టములో సీసము కలిసియున్నది. లోపల గాలి లేనందున పగులగొట్టునప్పుడు గాజుపెంకులు ఎగురును. పాత ఇనుప సామానువాడు రాగితీగె కొరకు దానిని సుత్తితో కొట్టును. సీసము నేలలోను నీటిలోను కలియును. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న నియమముల ప్రకారము పాత ఎలక్ట్రానిక్ సామాను సరిగా శుద్ధిచేయబడునట్లు చూచు బాధ్యత తయారీదారులపై నున్నది. క్రొత్త పలకను మోసికొని వచ్చిన కుర్రవాడు మెట్లు దిగిపోకముందే, పాత పెట్టెను ఎక్కడికి చేర్చెదరని అడిగి, కాగితముమీద వ్రాయించుకొనవలెను.